పసిబిడ్డకు కారులో పదిలమైన చోటు

ప్రతి సంవత్సరం మార్చి 4వ తేదీన మన కార్యాలయాలలోనూ, కర్మాగారాలలోనూ జాతీయ భద్రతా దినోత్సవం జరుపుకుంటామన్న విషయం పాఠకులకు విదితమే. 1966లో ఆ తేదీన జాతీయ భద్రతా మండలి ఏర్పడినందున ఆ రోజును ఎన్నుకున్నారు. ఆ ఉదయం అందరమూ చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తాము. హెల్మెట్ లేనిదే ప్లాంటు ద్వారం దాటము. అనుమతి పత్రం లేనిదే ఒక్క వాల్వును కూడా తిప్పము. ముప్పది సంవత్సరాలుగా ఈ క్రమశిక్షణకు అలవాటుపడిన మేము, మూడు నెలల మనవరాలిని ఒడిలో కూర్చోబెట్టుకొని కారులో బయలుదేరిన నాడు మాత్రం దానిని ఇంటి గుమ్మం వద్దనే వదలివేశాము. ఆ మరపు మాకు నేర్పిన పాఠమే ఈ వ్యాసం.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్‌లలో నివసిస్తున్న మన ఉద్యోగ కుటుంబాలలో చాలామందికి నేడు కారు ఉన్నది. బిడ్డ పుట్టగానే ఉయ్యాల, దోమతెర, వెండి గిన్నె సమకూర్చుకుంటాము. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే తొలి ప్రయాణంలో బిడ్డ ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు. మాకూ తోచలేదు.

ఆ రోజు జరిగినది

మనవరాలికి మూడవ నెల వచ్చిన తరువాత, గోల్ మార్కెట్ సమీపంలో గల తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ మందిరానికి వెళ్లి, నోయిడాకు తిరిగి వస్తున్నాము. అల్లుడుగారు కారు నడుపుతున్నారు. మేము ముందు సీటులో, మా శ్రీమతి, అమ్మాయి వెనుక సీటులో ఉన్నాము. బిడ్డ అమ్మమ్మ ఒడిలో నిద్రపోతున్నది. వంతెన దిగేచోట ముందు వెళ్తున్న ఆటో హఠాత్తుగా ఆగింది. అల్లుడుగారు గట్టిగా బ్రేకు వేశారు. కారు దేనికీ తగలలేదు. కాని ఒడిలోని బిడ్డ జారి, మా సీటు వీపుకు నుదురు తగిలి కింద పడబోయింది. అమ్మాయి అందుకున్నది.

నుదుటి మీద చిన్న కమిలిన మచ్చ తప్ప మరేమీ లేదని వైద్యులు చెప్పారు. అయినా ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. "గట్టిగానే పట్టుకున్నానండీ, ఎలా జారిందో తెలియలేదు" అని మా శ్రీమతి పదే పదే అనడం విని, తప్పు ఆమెది కాదని నచ్చజెప్పడానికి కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చున్నాము. ఇంజనీరుకు అదొక్కటే ఓదార్పు మార్గం!

ఒడి ఎందుకు చాలదు?

గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు వేగం తగ్గే తీరు భూమ్యాకర్షణలో సుమారు పదింట ఎనిమిది వంతులు ఉంటుంది. అంటే 5 కిలోల బిడ్డను 4 కిలోల బలం ముందుకు లాగినట్లు. సిద్ధంగా లేని చేతుల నుండి బిడ్డ జారడానికి అది చాలును. ఇది బ్రేకు మాత్రమే. ప్రమాదం కాదు.

ఇప్పుడు అదే కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గోడను ఢీకొన్నదనుకుందాము. ఆ వేగం సెకనుకు 13.9 మీటర్లు. ముందు భాగం నలిగి, కారు 60 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే, లోపలి వారి మీద భూమ్యాకర్షణకు 16 రెట్ల బలం పనిచేస్తుంది. 5 కిలోల బిడ్డ ఆ క్షణంలో 80 కిలోల బరువవుతుంది. ఏడాది నిండిన 9 కిలోల బిడ్డ సుమారు 150 కిలోలు. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ఒడిలో పెట్టుకున్నవారు సీటు బెల్టు ధరించకపోతే, వారి శరీరం కూడా వెళ్లి బిడ్డ మీదనే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదకరం. పెద్దవారి బరువంతా బెల్టుకూ తమకూ మధ్య నలిగే బిడ్డ మీదనే పడుతుంది.

మరొక విధంగా చెప్పాలంటే, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొనడం దాదాపు 10 మీటర్ల ఎత్తు నుండి నేలమీద పడటంతో సమానం. మూడవ అంతస్తు బాల్కనీ పిట్టగోడ మీద బిడ్డను కూర్చోబెట్టి, చేతితో పట్టుకొని నిలబడటానికి మనలో ఎవరైనా ఒప్పుకుంటామా? కారులో ప్రతిరోజూ చేస్తున్నది అదే.

ముఖం వెనుకకు ఎందుకు?

ఒడికి బదులు సీటు కావాలన్నది అర్థమైనది. అయితే పసిబిడ్డ సీటును కారు వెళ్లే దిక్కుకు ఎదురుగా, బిడ్డ ముఖం వెనుక అద్దం వైపు ఉండేలా ఎందుకు పెట్టవలెను?

కారణం మెడలో ఉన్నది. పెద్దవారిలో తల పొడవు దేహపు ఎత్తులో ఏడవ వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో అది నాలుగవ వంతు. అంత బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఒక్కొక్క వెన్నుపూస కొన్ని ముక్కలుగా, మృదులాస్థితో కలిసి ఉంటుంది. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డను ప్రమాదంలో పట్టీలు భుజాల వద్ద ఆపుతాయి. తలను ఆపేది ఏదీ లేదు. తల ముందుకు విసరబడి, మెడను సాగదీస్తుంది. వెన్నుపాముకు దెబ్బ తగిలేది అప్పుడే. బిడ్డ వెనుకకు తిరిగి ఉంటే, అదే బలం వీపు, మెడ, తల అన్నింటి మీద ఒకేసారి పరచుకుంటుంది. సీటు డొప్ప బిడ్డను అరచేతిలో పట్టుకున్నట్లు పట్టుకుంటుంది. యంత్రశాస్త్రం చదివిన వారికి ఒక్క మాట చాలును: బలం అదే, దానిని మోసే వైశాల్యం పెరిగినది.

ఈ ఆలోచన స్వీడన్ దేశంలో పుట్టినది. గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య బెర్టిల్ ఆల్డ్‌మన్, అమెరికా వారి జెమిని అంతరిక్ష నౌకలో వ్యోమగాముల వీపు మీద బలం పడేలా అమర్చిన సీట్ల తీరును గమనించి, పిల్లల సీటుకు అదే సూత్రాన్ని అన్వయించారు. 1964లో వోల్వో కారులో తొలి నమూనాను పరీక్షించారు. 1972లో ఆ సంస్థ వెనుకకు తిరిగి ఉండే పిల్లల సీటును విపణిలోకి తెచ్చింది. నేటికీ స్వీడన్‌లో పిల్లలను నాలుగేళ్ల వరకు అలాగే కూర్చోబెట్టే అలవాటు ఉన్నది. అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా 2018లో, సీటు తయారీదారు నిర్ణయించిన బరువు, ఎత్తుల పరిమితి వచ్చేవరకు బిడ్డను వెనుకకు తిప్పియే ఉంచవలెనని సూచించింది.

చట్టం, ప్రమాణం

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గాని, పిల్లల భద్రతా సీటుతో గాని కట్టి కూర్చోబెట్టకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఇది 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. స్కూటరు, మోటారు సైకిలు మీద తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ల వయసు గల పిల్లలను తీసుకొనివెళ్లేవారికి కూడా 2022లో నియమాలు ప్రకటించారు. పిల్లవానికి హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ, 40 కిలోమీటర్లకు మించని వేగం అవసరం.

సీటు విషయంలో మన దేశంలో ఏఐఎస్ 072 అనే ప్రమాణం ఉన్నది. దీనికి ఆధారం ఐరోపాలో వాడుకలోకి వచ్చిన ఆర్ 44 నిబంధన. దాని ప్రకారం సీట్లను బిడ్డ బరువును బట్టి విభజిస్తారు. సున్నా ప్లస్ వర్గం 13 కిలోల వరకు, ఒకటవ వర్గం 9 నుండి 18 కిలోల వరకు. 2013లో వచ్చిన ఆర్ 129 అనే కొత్త నిబంధన బిడ్డ ఎత్తును ఆధారంగా తీసుకొని, 15 నెలలు దాటేవరకు వెనుకకు తిరిగి ఉండటం తప్పనిసరి చేసింది. పక్క నుండి తగిలే దెబ్బకు కూడా పరీక్ష జరుపుతుంది. సీటు కొనేటప్పుడు దాని అడుగునో, పక్కనో అతికించిన ఆమోదపు చీటీని చూడవలెను. చీటీ లేని సీటు ఎంత మెత్తగా ఉన్నా అది కుర్చీయే గాని భద్రతా పరికరం కాదు.

2023 అక్టోబరు నుండి మన దేశంలో అమలవుతున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో కార్లకు పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు వేర్వేరుగా నక్షత్రాలు ఇస్తున్నారు. కొత్త కారు కొనే యువ దంపతులు రెండవ నక్షత్రాల వరుసను కూడా చూడవలసినదిగా మా మనవి.

అమెరికా సీటు, మన కారు

మా ఇంట్లో జరిగిన సంగతి తెలిసి, న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి ఒక సీటు కొని, సెలవులకు వస్తున్న మిత్రుని ద్వారా పంపించాడు. చాలా మంచి సీటు. సింహాసనంలా ఉన్నది. ఒక ఆదివారం ఉదయం అల్లుడుగారు, మేము దానిని కారులో బిగించడానికి పూనుకున్నాము. మధ్యాహ్న భోజనం వేళకు ఓటమిని అంగీకరించాము.

మొదటి అడ్డంకి కొలత. ఆ సీటును పసిబిడ్డకు తగినంత వెనుకకు వాల్చి పెడితే 72 సెంటీమీటర్ల పొడవు కావలసి వచ్చింది. మా చిన్న కారులో వెనుక సీటు మూల నుండి ముందు సీటు వీపు వరకు 64 సెంటీమీటర్లే ఉన్నది. ముందు సీటును 8 సెంటీమీటర్లు జరిపితే, అందులో కూర్చున్న వారి మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు ఆనుతున్నాయి.

రెండవ అడ్డంకి బెల్టు. ఇది మాకు కొత్త విషయం. అమెరికాలో 1990ల మధ్య నుండి తయారైన కార్ల సీటు బెల్టులను చివరి వరకు లాగితే, అవి తిరిగి వదులు కాకుండా బిగుసుకుపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ దేశపు సీట్లు చాలావరకు దానిని ఆధారం చేసుకుంటాయి. మన కార్లలోని బెల్టు సాధారణంగా కుదుపు వచ్చినప్పుడు మాత్రమే బిగుసుకుంటుంది. మిగిలిన సమయంలో స్వేచ్ఛగా వస్తూ పోతూ ఉంటుంది. అందువల్ల సీటును ఎంత అదిమి కట్టినా కాసేపటికి వదులైపోతున్నది. పైగా బెల్టు సీటు చుట్టూ తిరిగి వచ్చేసరికి, బకిల్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

ఆ సీటులో లోపం లేదు. మా కారులోనూ లోపం లేదు. రెండింటికీ పొత్తు కుదరలేదు. ప్లాంటులో కొత్త పంపు తెప్పించేముందు పునాది పటం చూస్తాము. బోల్టుల దూరం కొలుస్తాము. గొట్టాల అంచులు కలుస్తాయో లేదో సరిచూస్తాము. ఇంటి విషయంలో ఆ పని చేయకుండా పంపును తెప్పించి, పునాదిని తిట్టుకున్నాము!

కొలత ముందు, కొనుగోలు తరువాత

తరువాతి ఆదివారం టేపు, టార్చి లైటు తీసుకొని కారులోకి దిగాము. ఆ రోజు చేసిన పనినే ఇప్పుడు ఒక వరుసలో పాఠకుల ముందుంచుతున్నాము.

1. సీటు కవర్లు తీసి చూడవలెను. ఢిల్లీలో కారు కొనగానే దళసరి రెక్సిను కవర్లు కుట్టించడం ఆచారం. మేమూ కుట్టించాము. ఆ కవరు జిప్పు విప్పి చూస్తే, సీటు మూలలో రెండు ఉక్కు కడ్డీలు కనబడ్డాయి. వాటినే ఐసోఫిక్స్ అంటారు. 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన ఈ ఏర్పాటులో, రెండు కడ్డీల మధ్య దూరం 280 మిల్లీమీటర్లు. వాటికి సరిపడే కొక్కేలు గల సీటును బెల్టు అవసరం లేకుండానే కారు చట్రానికి నేరుగా తగిలించవచ్చును. మా కారులో ఈ ఏర్పాటు లేదనుకొని ఇన్నాళ్లూ గడిపాము. అది కవరు కింద మా కోసం ఎదురుచూస్తున్నది. వెనుక బెల్టుల బకిల్‌లు కూడా కవరు కింద కూరుకుపోయి ఉన్నాయి. వాటిని పైకి తీయించాము.

2. చోటును నిర్ణయించవలెను. ముందు సీటు ఎంతమాత్రం పనికిరాదు. 2021 నుండి ముందు ప్రయాణికుని వైపు కూడా ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయినది. ప్రమాదంలో రెప్పపాటు కంటే తక్కువ కాలంలో విచ్చుకునే ఆ సంచి, వెనుకకు తిరిగి ఉన్న సీటు వీపును, అంటే సరిగ్గా బిడ్డ తల వెనుక భాగాన్ని, సమ్మెటలా కొడుతుంది. పెద్దలను కాపాడే పరికరమే పసిబిడ్డకు ప్రాణాంతకం. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు మరువకూడదు. వెనుక సీటులో మధ్య స్థానం పక్క దెబ్బలకు దూరంగా ఉంటుంది గాని, చాలా కార్లలో అక్కడ ఐసోఫిక్స్ ఉండదు. కొన్నింటిలో నడుము బెల్టు మాత్రమే ఉంటుంది. అందుచేత ఎడమవైపు వెనుక సీటును ఎన్నుకున్నాము. మన రోడ్ల మీద అది కాలిబాట వైపు. బిడ్డను ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు మన వీపు వాహనాల వైపు ఉండదు.

3. పొడవును కొలవవలెను. ఇంట్లో అందరికంటే పొడవైనవారిని ముందు సీటులో సుఖంగా కూర్చోబెట్టి, వెనుక సీటు మూల నుండి ఆ సీటు వీపు వరకు కొలత రాసుకోవలెను. కొనదలచిన సీటును వెనుకకు వాల్చినప్పుడు ఎంత పొడవు ఆక్రమిస్తుందో దానితో పోల్చవలెను. నడిపేవారి వెనుక పెట్టవలసి వస్తే, వారి రొమ్ముకు, స్టీరింగుకు మధ్య కనీసం 25 సెంటీమీటర్లు మిగలవలెను. బిడ్డకు చోటు చేయడానికి తండ్రిని ఎయిర్ బ్యాగ్ మీదికి తోయకూడదు.

4. బెల్టు పొడవు చూడవలెను. ఐసోఫిక్స్ లేని కారులో బెల్టుతోనే బిగించాలి గనుక, బెల్టును పూర్తిగా లాగి, కొనదలచిన సీటు చుట్టూ తిరిగి బకిల్‌ను చేరుతుందో లేదో చూడవలెను. చాలకపోతే విడిగా ముక్క జోడించే ఉపాయాలు చేయకూడదు. బెల్టును బిగబట్టే క్లిప్పు సీటులోనే ఉన్నదా అన్నది మరొక ప్రశ్న.

5. నేలను తట్టి చూడవలెను. కొన్ని సీట్లకు నేలకు ఆనే ఊతకాలు ఉంటుంది. ప్రమాదంలో బలాన్ని నేలకు పంపేది అదే. కాలు ఆనేచోట కింద సామాను పెట్టుకునే అర ఉంటే, దాని మూత ఆ బలాన్ని మోయలేదు. అటువంటి కారుకు ఊతకాలు గల సీటు తగునో లేదో కారు పుస్తకంలో చూడవలెను.

6. సీటును కారులో పెట్టి చూపమని అడగవలెను. చిత్రం చూసి కొనకూడదు. నోయిడాలో మేము వెళ్లిన దుకాణం యజమాని మొదట ఆశ్చర్యపడి, తరువాత తానే మూడు రకాల సీట్లను కారు వద్దకు మోయించాడు. మొదటిది పొడవు ఎక్కువ. రెండవది వాలు చాలలేదు. మూడవది ఐసోఫిక్స్ కడ్డీలకు టక్కున తగులుకున్నది. మూడింటిలో ధర తక్కువగలది కూడా అదే. ధరకూ అమరికకూ సంబంధం లేదని అప్పుడు తెలిసింది.

వాడిన సీటు తక్కువ ధరకు దొరుకుతుంది. అయితే అది ఏ ప్రమాదంలోనైనా దెబ్బతిన్నదో కాదో కంటికి కనబడదు. ప్లాస్టిక్‌లోని సన్నని పగులు లోపలే దాగి ఉంటుంది. తెలిసినవారి ఇంటి సీటైతే, దాని చరిత్ర, గడువు తేదీ, ఆమోదపు చీటీ, సూచనల పుస్తకం అన్నీ ఉంటే తీసుకోవచ్చును. మా అమెరికా సీటును మాత్రం అమ్మకుండా, అబ్బాయి వద్దకే తిరిగి పంపించాము.

బిగింపు పరీక్ష

సీటు అమరినంత మాత్రాన పని పూర్తి కాలేదు. బెల్టు గాని, కొక్కేలు గాని తగిలే చోట సీటును పట్టుకొని అటూ ఇటూ ఊపవలెను. కదలిక 2.5 సెంటీమీటర్లకు మించకూడదు. పై భాగాన్ని ఊపితే కొంత కదలడం సహజం. పసిబిడ్డకు సీటు వీపు నిలువు నుండి సుమారు 45 డిగ్రీల వరకు వాలి ఉండవలెను. మరీ నిటారుగా ఉంటే బిడ్డ గడ్డం రొమ్ముకు ఆని, ఊపిరికి అడ్డు తగులుతుంది. చాలా సీట్ల పక్కన ఈ వాలును చూపే గీత గాని, బుడగ గాని ఉంటుంది. కారు సమతలంగా ఉన్నచోట నిలిపి చూడవలెను. మా కాలనీలో పార్కింగు వాలుగా ఉన్నందున మొదటిసారి తప్పు లెక్క వచ్చింది.

భుజాల పట్టీలు, వెనుకకు తిరిగిన సీటులో, బిడ్డ భుజాల ఎత్తులో గాని అంతకంటే కాస్త కింద గాని నుండి రావలెను. బిగించిన తరువాత భుజం వద్ద పట్టీని రెండు వేళ్లతో పొడవునా గిల్లి చూడవలెను. మడత పట్టుకోగలిగితే ఇంకా వదులుగా ఉన్నట్లే.

మా అల్లుడుగారు ప్రతి పక్షంలో ఒకసారి ఈ పరీక్ష చేస్తున్నారు. ప్లాంటులో దీనిని నివారక నిర్వహణ అంటాము.

ఢిల్లీ చలి, ఢిల్లీ ఎండ

ఈ ప్రాంతపు వాతావరణం వల్ల రెండు జాగ్రత్తలు అవసరం.

డిసెంబరు, జనవరి నెలలలో బిడ్డకు రెండు స్వెట్టర్లు, పైన దూది కోటు తొడుగుతాము. ఆ దుస్తుల మీద పట్టీలు బిగిస్తే గట్టిగా ఉన్నట్లే కనబడుతుంది. ప్రమాదంలో ఆ దూది అణిగిపోయి, పట్టీలు బిడ్డకు దూరమై, బిడ్డ జారిపోవచ్చును. అందుచేత కోటు తీసి, పట్టీలు బిగించి, దాని మీద శాలువా కప్పవలెను. కారు కాసేపటిలో వెచ్చబడుతుంది. చలికాలంలోనే పొగమంచు కూడా. 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగ్రాకు వెళ్లేవారు ఆ ఉదయాలలో ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే ఉత్తమం. ఎంత మంచి సీటైనా పొగమంచులో చూపును ఇవ్వలేదు.

మే, జూన్ నెలలలో ఎండలో నిలిపిన కారులో బకిల్ లోహం కాలుతూ ఉంటుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్లని పాత పంచె కప్పి, తిరిగి ఎక్కేటప్పుడు బకిల్‌ను చేతితో తాకి చూసి, ఆ తరువాతే బిడ్డను కూర్చోబెట్టవలెను. అయిదు నిమిషాల పనికైనా బిడ్డను కారులో ఒంటరిగా వదలకూడదన్నది చెప్పనవసరం లేదనుకుంటాము. అయినా చెబుతున్నాము.

సీటు ప్రయాణానికే గాని నిద్రకు కాదు. దూర ప్రయాణాలలో రెండు గంటలకు మించకుండా ఆగి, బిడ్డను తీసి, కాళ్లు చేతులు ఆడించనివ్వవలెను. ఇల్లు చేరగానే నిద్రపోతున్నా సరే, తీసి సమతలమైన పక్క మీద పడుకోబెట్టవలెను.

ఇంట్లో వచ్చే అభ్యంతరాలు

అన్నింటికంటే కష్టమైన భాగం ఇదే. కారు కొలతలు టేపుకు లొంగుతాయి. ఇంటివారి మనసులకు టేపు లేదు.

మా అమ్మగారికి ఎనభై దాటాయి. సీటు చూసి, "మీ నలుగురినీ ఒళ్లో పెట్టుకునే పెంచాను గదరా! పసిగుడ్డును కుర్చీకి కట్టేస్తారా?" అని కోప్పడ్డారు. ఆమె చెప్పినది నిజమే. ఆ రోజులలో మేము ప్రయాణించినది ఎడ్లబండి మీద, ఎర్ర బస్సులో. బండి వేగం గంటకు అయిదు కిలోమీటర్లు. ఆ వేగానికి ఒడి చాలును. బలం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం పది రెట్లయితే దెబ్బ నూరు రెట్లవుతుంది. ఈ మాట ఆమెకు లెక్కలతో చెప్పలేదు. "అమ్మా, బండి మారింది, అందుకే పట్టుకునే చేయి కూడా మారాలి" అన్నాము. కొంతసేపు ఆలోచించి, "అయితే దిష్టి తీసి కూర్చోబెట్టండి" అన్నారు. అనుమతి లభించినట్లే.

బిడ్డ కాళ్లు ముడుచుకొని ఉంటాయన్నది మరొక అభ్యంతరం. పెరిగే బిడ్డ కాళ్లు సీటు వీపుకు తగులుతాయి, నిజమే. పిల్లలు నేల మీద కూడా అలాగే ముడుచుకొని కూర్చుంటారు. విరిగిన కాలు అతుక్కుంటుంది. మెడ సంగతి వేరు. బిడ్డ కాళ్లు తగలడం సీటు చాలకపోవడానికి గుర్తు కాదు. తల పై భాగం డొప్ప అంచుకు చేరినప్పుడు గాని, బరువు పరిమితి దాటినప్పుడు గాని మార్చవలెను.

"ఏడుస్తున్నది, ఈ ఒక్కసారికి తీసేద్దాం" అన్నది అందరికంటే ప్రమాదకరమైన వాక్యం. మా మనవరాలు మొదటి పది రోజులు నోయిడా నుండి మయూర్ విహార్ వరకు ఏడ్చింది. కారు ఆపి, తీసి, ఓదార్చి, తిరిగి కూర్చోబెట్టాము. నడుస్తున్న కారులో మాత్రం తీయలేదు. పదకొండవ రోజు నుండి ఆ సీటు కనబడితే తానే చేతులు చాపుతున్నది.

నిత్యం కారు లేనివారి మాట ఏమిటి? టాక్సీలో సీటు ఉండదు. సీటును పీఠం నుండి విడదీసి, టాక్సీ బెల్టుతో బిగించగల రకాలు కొన్ని ఉన్నాయి. టాక్సీ మీద ఆధారపడేవారు అటువంటిదే ఎన్నుకోవడం మేలు. మన కాలనీ సంక్షేమ సంఘాలు రెండు మూడు మంచి సీట్లు కొని, ప్రసూతి ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే కుటుంబాలకు అప్పుగా ఇచ్చే ఏర్పాటు చేస్తే, వాటి చరిత్ర కూడా సంఘం పుస్తకంలో ఉంటుంది. ఈ సూచనను సంబంధిత సభ్యులు పరిశీలించవలసినదిగా కోరుతున్నాము.

చివరి మాట

మన వృత్తిలో ఒక నానుడి ఉన్నది: పటంలో సరిపోయినది సరిపోయినట్లు కాదు, బిగించాక సరిపోయినదే సరిపోయినట్లు. పసిబిడ్డ సీటుకు కూడా ఇదే వర్తిస్తుంది. ఖరీదైనది మంచిది కాదు, విదేశం నుండి వచ్చినది మంచిది కాదు. మీ కారులో, మీ ముందు సీటు వెనుక, కదలకుండా కూర్చొని, బిడ్డ ముఖాన్ని వెనుకకు తిప్పి పట్టుకున్నది మంచిది. ప్రతి ప్రయాణంలో వాడినది ఇంకా మంచిది.

మా మనవరాలికి ఇప్పుడు ఏడాదిన్నర. నుదుటి మీది మచ్చ వారం రోజులలోనే మాయమైనది. మా శ్రీమతి మాత్రం నేటికీ కారు ఎక్కగానే భుజం పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూస్తుంది. మడత దొరకదు. అప్పుడే "ఇక పోనివ్వండి" అంటుంది. మా ఇంట్లో పని అనుమతి పత్రం అదే.